ఆలస్యం దాచుకోని సీక్వెల్

మా అన్నయ్య కూతురికి కియాను రీవ్స్ అంటే జాన్ విక్ మాత్రమే. పెన్సిల్‌తో మనుషుల్ని చంపే జాన్ విక్. ఆ మనిషే ఒకప్పుడు చదువు అబ్బని కుర్రాడి వేషంలో, లేని గిటార్‌ని గాల్లో వాయిస్తూ తిరిగేవాడంటే నమ్మలేదు. సరే చూద్దువుగాని అని ఒక ఆదివారం కూర్చోబెట్టి బిల్ అండ్ టెడ్ సినిమాలు మూడూ వరసపెట్టి చూపించాను. 1989లో వచ్చిన మొదటిదానికి బాగానే నవ్వింది. 1991లో వచ్చిన రెండోదానికి మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంది. 2020లో వచ్చిన మూడోది, ‘ఫేస్ ద మ్యూజిక్’, మొదలైన కాసేపటికే సోఫాలో నిటారుగా కూర్చుని, “అదేంటి బాబాయ్, వీళ్ళు ఫెయిలైపోయారని అప్పుడే చెప్పేశారు?” అంది.

సినిమా గురించి చదివిన రివ్యూలన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్నే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఏళ్ళూపూళ్ళూ గడిచాక వచ్చే కామెడీ సీక్వెల్స్ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. అందులోనూ సైన్స్ ఫిక్షన్ కామెడీలైతే మరీ భయం. యాక్షన్ సినిమాలో హీరోకి అరవై వచ్చినా డూప్ ఉంటాడు, కట్లు ఉంటాయి, కంప్యూటర్ ఉంటుంది. నవ్వించడానికి డూప్ ఉండడు. మొహం, గొంతు, మాటకి మాటకి మధ్య వదిలే ఆ అరక్షణం, అన్నీ సొంతవే కావాలి. పైగా తెలివితక్కువతనం మీద నడిచే హాస్యానికి ఇంకో చిక్కుంది. ఇరవై ఏళ్ళవాడు లోకం తెలియకుండా తిరిగితే ముద్దొస్తాడు. యాభై దాటినవాడు అలాగే తిరిగితే ఇంట్లోవాళ్ళకి టెన్షన్. ఈ తేడా ప్రేక్షకుడికి తెలుసు. సినిమా మాత్రం తెలియనట్టు నటిస్తుంది, పాత డైలాగు మళ్ళీ చెప్పించి చప్పట్ల కోసం ఆగుతుంది. అక్కడే ప్రాణం పోతుంది.

అందుకే మధ్యలో గడిచిపోయిన ఏళ్ళే కథ అయినప్పుడు తప్ప అలాంటి సీక్వెల్ తియ్యకూడదంటాను. ‘ఫేస్ ద మ్యూజిక్’ గొప్ప సినిమా కాదు. కానీ ఈ పరీక్షలో అది నెగ్గినట్టు నెగ్గిన సినిమా నాకు ఇంకోటి గుర్తురావడం లేదు.

పాట రాలేదు

మొదటి సినిమాలో వేసిన ముడి గుర్తుంది కదా. కాలిఫోర్నియాలోని శాన్ డీమాస్‌లో బిల్ (అలెక్స్ వింటర్), టెడ్ (కియాను రీవ్స్) అనే ఇద్దరు కుర్రాళ్ళు హిస్టరీ పరీక్ష తప్పేలా ఉన్నారు. తప్పితే టెడ్‌ని వాళ్ళ నాన్న అలాస్కా మిలటరీ స్కూల్‌కి పంపేస్తాడు, బ్యాండు విడిపోతుంది. బ్యాండు విడిపోతే భవిష్యత్తే ఉండదు, ఎందుకంటే రాబోయే నాగరికత అంతా వీళ్ళ సంగీతం మీదే నిలబడబోతోంది. అందుకని రూఫస్ అనే ఆయన భవిష్యత్తు నుంచి ఫోన్ బూత్‌లా ఉండే టైమ్ మెషీన్ వేసుకుని దిగుతాడు. అప్పట్లో అదంతా ఒక పెద్ద జోకు. గిటార్ సరిగ్గా పట్టుకోవడం రాని వీళ్ళేంటి, లోకాన్ని ఏకం చెయ్యడమేంటి అని. ఆ జోకునే మూడో సినిమా అప్పుగా లెక్కేసింది. లోకాన్ని ఏకం చేసే పాట రాస్తారన్నారు కదా, మరి రాశారా? రాయలేదు.

సినిమా ఒక పెళ్ళి రిసెప్షన్‌తో మొదలవుతుంది. పెళ్ళికూతురు మిస్సీ. మొదటి సినిమాలో బిల్ వాళ్ళ సవతి తల్లి, తర్వాత టెడ్ వాళ్ళ సవతి తల్లి, ఇప్పుడు టెడ్ తమ్ముణ్ణి చేసుకుంటోంది. అంటే మరదలు. (ఈ వరసలు మన పెళ్ళిపందిట్లో చెప్పుకోవాల్సి వస్తే పురోహితుడు పంచాంగం మూసేసి వెళ్ళిపోతాడు.) అక్కడ వీళ్ళిద్దరూ స్టేజీ ఎక్కి తమ కొత్త రచన వినిపిస్తారు. దాని పేరే మూడు లైన్లు. బిల్ గొంతు అడుగునుంచి మంగోలియా వాళ్ళలాగా గురగురమని పాడతాడు. థెరెమిన్ కూడా ఉంటుంది, తాకకుండానే గాల్లో చేతులు ఆడిస్తే మోగే ఎలక్ట్రానిక్ వాయిద్యం. అదీ గాలి గిటారే, కాకపోతే ఇప్పుడు శబ్దం వస్తోంది. జనం మొహాలు చూడాలి. ఎవరూ తిట్టరు, ఎవరూ గోల చెయ్యరు. మనవాళ్ళే కదా, పోన్లే, అయిపోనీ అన్నట్టు చూస్తారు. ఇన్నేళ్ళ ఓటమిని చెప్పడానికి ఆ చూపులు చాలు.

దీని తర్వాత వచ్చే కౌన్సెలింగ్ సీన్ నాకు ఇంకా ఇష్టం. భార్యలు విసిగిపోయి దంపతుల కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తారు. రెండు జంటలూ కలిసి ఒకే గదిలో! కౌన్సెలర్ మీ ఆవిడతో మీ ప్రేమ గురించి చెప్పండి అంటే బిల్ “మేం మిమ్మల్ని ప్రేమిస్తున్నాం” అంటాడు. కాదు, మీరొక్కరే, మీ భార్యకి చెప్పండి అంటుంది. ఆలోచించి, ఇంకాస్త చిత్తశుద్ధితో, మళ్ళీ “మేం” అనే అంటాడు. ఇరవై ఏళ్ళప్పుడు విడదీయరాని స్నేహం అనిపించింది యాభై ఏళ్ళకి పెళ్ళాంతో పొత్తు కుదరని జబ్బుగా మారింది. అదే స్వభావం, అదే అమాయకత్వం, మారింది వయసొక్కటే. జోకు మాత్రం కొత్తది. ఆలస్యాన్ని వాడుకోవడం అంటే నా ఉద్దేశం ఇదే.

ఇక అసలు కథ. భవిష్యత్తు వాళ్ళు వచ్చి, ఈ సాయంత్రం 7:17 కల్లా పాట రాకపోతే దేశకాలాలన్నీ కుప్పకూలతాయని గడువు పెడతారు. వీళ్ళకి తట్టిన ఉపాయం చూడండి. మనం ఎప్పుడో ఒకప్పుడు రాసే ఉంటాం కదా, ఆ రాసిన రోజుకి వెళ్ళి మన దగ్గర మనమే ఎత్తుకొచ్చేద్దాం అంటారు. సొంతదే కాబట్టి దొంగతనం కూడా కాదంట. నలభై దాటినవాళ్ళకి ఈ జోకు ఎక్కడ తగులుతుందో తెలుసు. రేపటి నేను ఇవాళ్టి నాకంటే తెలివైనవాడు, బద్ధకం లేనివాడు, వాడు చూసుకుంటాడులే అని పక్కన పెట్టని పని ఎవరికి లేదు? తీరా వెళ్ళి చూస్తే రేపటి వాళ్ళూ రాయలేదు. పైగా అబద్ధాలాడతారు. ఒక భవిష్యత్తులో దొంగ బ్రిటిష్ యాసతో, తమది కాని బంగళాలో రాక్‌స్టార్లలా పోజు కొడతారు. ఇంకోదాంట్లో జైల్లో కండలు పెంచి, తమ బతుకు ఇలా అవడానికి కారణం మీరేనని వీళ్ళ మీదికే కొట్టడానికి వస్తారు. తప్పు చేసినవాడూ వాడే, తన్నేవాడూ వాడే.

పదేళ్ళపాటు డబ్బు పెట్టేవాళ్ళు లేక

ఈ బృందానికి ఆలస్యం కొత్తకాదు. మొదటి సినిమా 1987లోనే షూటింగ్ అయిపోయింది. తీసిన డి లారెంటిస్ కంపెనీ దివాలా తియ్యడంతో డబ్బాల్లో ఉండిపోయి, వేరేవాళ్ళు కొనుక్కుంటే 1989 ఫిబ్రవరిలో థియేటర్లకి వచ్చింది. వచ్చి, అమెరికాలో 4 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది.

మూడోదాని కథ వేరు. రచయితలు క్రిస్ మాథెసన్, ఎడ్ సాలమన్ స్క్రిప్టు చేతిలో పెట్టుకుని దాదాపు పదేళ్ళు తిరిగారు. పెట్టుబడి పెట్టేవాళ్ళ భయమూ అర్థం చేసుకోదగ్గదే. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళ ఓటమి మీద కామెడీ, అదీ అమెరికా బయట పెద్దగా ఎవరికీ తెలియని పేరుతో. చివరికి డీన్ పారిసో దర్శకత్వంలో 2019లో న్యూ ఆర్లియన్స్‌లో తీశారు. సుమారు 2.5 కోట్ల డాలర్ల బడ్జెట్. 2020 ఆగస్టు 28న, కరోనా మధ్యలో, అమెరికాలో తెరిచి ఉన్న కాసిని థియేటర్లలోనూ ఇంట్లో డబ్బు కట్టి చూసే పద్ధతిలోనూ ఒకేసారి విడుదలైంది. థియేటర్ వసూళ్ళు 60 లక్షల డాలర్ల చిల్లర. లోకమంతా ఒక్క పాట కలిసి వాయించే సినిమాని లోకమంతా తలుపులేసుకుని ఎవరి గదిలో వాళ్ళు చూశారు. ఇది రచయితలు కావాలని పెట్టుకున్న జోకు కాదు.

నిజాయితీగా ఆలోచిస్తే, ఈ ఆలస్యం సినిమాకి మేలే చేసింది. 1994లో తీసుంటే ఇంకో గ్రహమో ఇంకో శతాబ్దమో చూపించి వదిలేసేవాళ్ళు. పాట రాలేదన్న సంగతికి బరువే ఉండేది కాదు. మూడేళ్ళలో పాట రాకపోతే బద్ధకం అంటాం, ముప్ఫై ఏళ్ళు రాకపోతే అదే జీవితం. ఆ ముప్ఫై ఏళ్ళు నటుల మొహాల మీదే ఉన్నాయి, మేకప్ అక్కర్లేదు. షూటింగ్ నాటికి ఇద్దరికీ యాభై నాలుగు అటూఇటూ. అలెక్స్ వింటర్ నటన దాదాపు వదిలేసి ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ మీద, డబ్బున్నవాళ్ళ దొంగ ఖాతాల గుట్టు విప్పిన పనామా పేపర్స్ మీద డాక్యుమెంటరీలు తీసుకుంటున్నాడు. రీవ్స్ సంగతి చెప్పక్కర్లేదు. అయినా తెర మీద ఒకడు మాట మొదలుపెడితే రెండోవాడు పూర్తిచేసే పద్ధతి పోలేదు. 2025లో ఈ ఇద్దరే బ్రాడ్‌వేలో బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ ఆడారు. రాని మనిషి కోసం ఎదురుచూసే ఇద్దరు స్నేహితులు. మధ్యలో ఒక క్షణం గాలి గిటార్ కూడా వాయించారు. మూడో సినిమా చూసినవాళ్ళకి ఆ ఎంపిక వింతగా అనిపించదు.

రూఫస్ వేసిన జార్జ్ కార్లిన్ 2008లో పోయారు. ఇలాంటిచోట ఇప్పటి సినిమాలు ఏం చేస్తాయో తెలుసు కదా, కంప్యూటర్‌లో బతికిస్తాయి. ఇక్కడ పాత ఫుటేజీలోంచి కాసేపు కనిపించేలా చేసి ఊరుకున్నారు. రూఫస్ కూతురిగా క్రిస్టెన్ షాల్‌ని తెచ్చి ఆ పాత్రకి కెలీ అని పేరు పెట్టారు. కార్లిన్ సొంత కూతురి పేరు అది. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి కథ ఆగదు.

దండం పెడితే నవ్వు రాదు

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ‘గోస్ట్‌బస్టర్స్: ఆఫ్టర్‌లైఫ్’ ఉంది. 1984లో మొదటిది, 1989లో రెండోది, 2021లో ఇది (మధ్యలో 2016 నాటిది వేరే కుంపటి). మొదటిదాని గొప్పదనమంతా లెక్కలేనితనంలో ఉంది. దయ్యాలు పట్టడాన్ని పురుగుల మందు కొట్టే వ్యాపారంలా చూపించారు. 2021కి వచ్చేసరికి ఆ పాత కారు మీద గుడ్డ తీస్తుంటే గర్భగుడి తెర తీసినట్టు సంగీతం. పరికరాలన్నీ విగ్రహాలైపోయాయి. పాత బృందంలో ఒకడిగా వేసి 2014లో పోయిన హెరాల్డ్ రామిస్‌ని చివర్లో కంప్యూటర్ దయ్యంగా తెచ్చి నిలబెట్టారు. మొదటి సినిమా దర్శకుడి కొడుకే దీన్ని తీశాడు కాబట్టి ఆ భక్తి నకిలీ కాదు. కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు నాకూ తెలుసు. కానీ కామెడీకి సీక్వెల్ తీస్తూ ప్రేక్షకుడి చేత చెప్పులు విప్పించి లోపలికి రమ్మంటే ఇక నవ్వేదెవరు?

‘మెన్ ఇన్ బ్లాక్ 3’ సంగతి కొంచెం నయం. రెండోదానికీ దీనికీ పదేళ్ళు, 2002 నుంచి 2012. గడిచిన పదేళ్ళ గురించి ఏమీ మాట్లాడదు. దాని బదులు 1969కి వెళ్ళి, ‘ఏజెంట్ కే’ కుర్రప్పటి వేషం జోష్ బ్రోలిన్‌కి ఇచ్చింది. పెద్ద ‘కే’గా వేసే టామీ లీ జోన్స్ గొంతునీ ముఖం ముడుచుకునే తీరునీ బ్రోలిన్ దించేశాడు. ఆలస్యాన్ని కథ చెయ్యకపోయినా నడిచిన సినిమా కాబట్టి నా వాదనకి ఇది అడ్డమే. 60 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది కూడా. నా జవాబు ఒకటే. అది ఆలస్యాన్ని ఎదుర్కోలేదు, తెలివిగా పక్కసందులోంచి తప్పుకుంది. ప్రతి సినిమాకీ ఒక బ్రోలిన్ దొరకడు.

తియ్యకుండా వదిలేసినవీ ఉన్నాయి. పారిసో దర్శకత్వం వహించిన ‘గెలాక్సీ క్వెస్ట్’ (1999)కి రెండో భాగం గురించి ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. 2016 జనవరిలో అందులో నటించిన అలన్ రిక్‌మన్ పోయాక ఆ మాట చల్లబడింది. నాకైతే బాధలేదు. ఆ సినిమా ఎవరికీ ఏమీ బాకీ పడలేదు, దాని లెక్క దానిలోనే తేలిపోయింది.

నాకు మిగిలిన అనుమానాలు

ఒకటి గట్టిది. రెండో సినిమా చివరి టైటిల్స్‌లో పత్రికల ముఖచిత్రాలు చూపిస్తారు. వీళ్ళు ప్రపంచ ప్రసిద్ధులైపోయారు, అంగారకుడి మీద కచేరీకి కూడా తయారు. అంటే మాట నిలబెట్టుకున్నట్టే కదా? మూడోది వచ్చి, ఆ పేరు కొన్నాళ్ళే, తర్వాత కిందకి జారారు అంటుంది. పైగా రెండోదాంట్లో పిల్లలు లిటిల్ బిల్, లిటిల్ టెడ్. మూడోదానికి ఇద్దరూ ఆడపిల్లలయ్యారు. తీరిపోయిన బాకీని మళ్ళీ పుస్తకంలో ఎక్కించడం న్యాయమా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు సగమే సమాధానం దొరుకుతోంది. ఆ పత్రికలు టైటిల్స్ పక్కన వేసిన చమత్కారం, కథ కాదు. పైగా నిన్న స్టేజీ మీద వెలిగినవాళ్ళు ఇవాళ పెళ్ళిళ్ళలో పాడుకోవడం లోకంలో లేనిదేం కాదు. అయినా ఇది లెక్క సరిచెయ్యడమే, ఒప్పుకోవాలి.

రెండోది భార్యల సంగతి. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండ్ నుంచి వచ్చి శాన్ డీమాస్‌లో కాపురం చేస్తున్న రాకుమార్తెలు వాళ్ళు. వాళ్ళూ తమ భవిష్యత్తులు చూసుకోడానికి బయల్దేరతారు, కానీ ఆ ప్రయాణం తెర వెనకే జరిగిపోతుంది. నేనైతే ఆ సినిమా చూసేవాణ్ణి.

మూడోది మా పిల్ల తెచ్చిన పేచీ. 2067లో వృద్ధాశ్రమంలో మంచం మీదున్న బిల్, టెడ్ పాట ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తారు. దాని మీద ప్రెస్టన్/లోగన్ అని ఉంటుంది. ఈ ఇద్దరి ఇంటిపేర్లే అవి, కానీ అక్కడ రాసింది తమ గురించి కాదు, తమ కూతుళ్ళ గురించి అని వీళ్ళకి చివరికి వెలుగుతుంది. ఈలోపు కూతుళ్ళు థియా, బిల్లీ ఇంకో టైమ్ మెషీన్‌లో తిరిగి బ్యాండు పోగేస్తుంటారు. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ నమ్మకపోతే ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని వెంటబెట్టుకొస్తారు. తర్వాత మోజార్ట్, చైనా పురాణాల్లోని లింగ్ లున్, డప్పు కొట్టే ఒక ఆదిమానవ స్త్రీ. చరిత్రలోని మనుషుల్ని పోగేసిన మొదటి సినిమా కథే ఇది, మనుషులు మారారు. “అయితే ఇది వారసుల లాంచింగే కదా బాబాయ్,” అంది.

తెలుగు సినిమా చూసి పెరిగినవాళ్ళకి ఆ అనుమానం ముందే వస్తుంది. కానీ లాంచింగ్‌లో తండ్రి పేరు కొడుక్కి పెట్టుబడి. ఇక్కడ తండ్రుల పేరుకి పెళ్ళిపందిట్లో కూడా విలువ లేదు. పైగా చివర్లో తండ్రులకి దక్కేది ఆశీర్వదించే పెద్దమనిషి వేషం కాదు, కూలిపని. ఫోన్ బూత్‌లో లెక్కలేనన్ని బిల్, టెడ్‌లుగా మారి, అన్ని కాలాల్లోని మనుషులందరికీ వాయిద్యాలు మోసి పంచిపెడతారు. పాట కట్టేది కూతుళ్ళు. వాయించేది అందరూ. మా పిల్ల ఇది సగమే ఒప్పుకుంది. “మంచిదే, కానీ ఆ రోబో బాగున్నాడు,” అని తేల్చేసింది. బిల్, టెడ్‌లని చంపడానికి వచ్చి, పొరపాటున వాళ్ళ కూతుళ్ళని చంపేశాక కుమిలిపోయి, తన పేరు డెన్నిస్ కేలబ్ మెకాయ్ అని ఇంటిపేరుతో సహా పరిచయం చేసుకుంటూ తిరిగే హంతక రోబో. కాదనలేను.

మన ఆదిత్య మాటేమిటి

బిల్ అండ్ టెడ్ రెండో సినిమా అమెరికాలో విడుదలైంది 1991 జూలై 19న. దానికి ఒక్కరోజు ముందు, జూలై 18న, మనకి ‘ఆదిత్య 369’ వచ్చింది. అక్కడ టెలిఫోన్ బూత్, ఇక్కడ ప్రొఫెసర్ గారి యంత్రం. అక్కడ నెపోలియన్, సోక్రటీస్. ఇక్కడ రాయలు, తెనాలి రామకృష్ణుడు. సీక్వెల్ మాట ‘ఆదిత్య 999’ పేరుతో ఎన్నేళ్ళుగానో నలుగుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో పాతదాన్నే మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేశారు. రీరిలీజ్ షోల సందడి తెలిసిందే, కాగితాలు, ఈలలు, ప్రతి డైలాగూ హాలంతా ముందే చెప్పెయ్యడం. నాకూ సరదాయే. కానీ ఆ సందడి చూసి సీక్వెల్ రాయడానికి కూర్చుంటే ఏం తయారవుతుందో ఊహించగలను: యంత్రం మీద గుడ్డ తీసే సీను, కింద ఇళయరాజా పాత బాణీ, స్లో మోషన్.

ఆ సినిమా మనకి ఏదైనా బాకీ ఉందా? ఉంటే ఒక్కటే. కృష్ణకుమార్ శ్రీకృష్ణదేవరాయల్ని కళ్ళారా చూసి వచ్చాడు. రాయల సభలో నిలబడ్డాడు, 2504వ సంవత్సరానికి వెళ్ళొచ్చాడు. ఆ మనిషి ఇన్నేళ్ళూ ఎలా బతికి ఉంటాడు? ఎవరికి చెప్పి ఉంటాడు, ఎవరు నమ్మి ఉంటారు? హంపి వెళ్తే గైడు చెప్పే ప్రతి మాటకీ అడ్డుపడి, “అలా కాదండీ, ఆయన అక్కడ కూర్చోలేదు,” అంటూ భార్య చేత చెయ్యి పట్టి లాగించుకునే పెద్దాయన. టీవీ చర్చల్లో చరిత్ర పండితులతో గొడవలు. ఇంట్లో పిల్లలకి ఇది వెయ్యిసార్లు విన్న సొద. దీంట్లో నవ్వుంది, వయసుని దాచాల్సిన అవసరం లేదు. బాలకృష్ణ వేస్తానంటే మొదటి టికెట్ నాదే.

యువ హీరోని పెట్టి భవిష్యత్తు సెట్టింగులు వెయ్యడం తేలిక, బహుశా అదే తీస్తారు. ఒక్క కోరిక మాత్రం రాసి పెడతాను. మ్యూజియంలో వజ్రం దొంగతనాన్ని చూసిన ఆ బడిపిల్లాడు కిషోర్ ఉన్నాడు కదా, అప్పటి మాస్టర్ తరుణ్. ఇప్పుడతనికి నలభై దాటాయి. కృష్ణకుమార్ మాట నమ్మే ఒకే ఒక్కడిగా, పక్కన ఒక కుర్చీ వేసి అతన్నీ కూర్చోబెట్టండి.